తోడు మార్కు

పోటు 4,288. ఉదయం.

సముద్రం ఏడడుగుల మూడంగుళాలు లేచింది. మూడు షట్టర్లూ వేళకి దించాం. పంపులు రెండూ ఆడాయి. గాలి నైరుతి నుంచి. విశేషం: మాకు బహుమతి వచ్చింది.

ఇంతవరకే రాయాలని రూలు. మిగతాదంతా నా పైత్యం. ఈ కాగితం పుస్తకాన్ని ఎవరూ చదవరు. కరకట్ట మీద ప్రతిదీ యంత్రానికి దానంతటదే తెలిసిపోతున్నా, ప్రతి లాకుల దగ్గరా చేత్తో రాసిన పుస్తకం ఉండాలన్న పాత నిబంధనని కొట్టెయ్యడం ఎవరికో గుర్తు లేదు. అందుకని రోజుకి రెండు పోట్లు, పోటుకో పేజీ చొప్పున ఆరేళ్లుగా నేనే రాస్తున్నాను. నా పేరు ఏసుపాదం. తొమ్మిదో లాకుల దగ్గర మోటారు మెకానిక్కుని. మాకు బయట సముద్రం, లోపల ఇరవై కిలోమీటర్ల నిలవ నీరు, దాని అవతల ఊళ్లు. మేం షట్టరు దించకపోతే ఆ ఊళ్లలో మంచాలు తేలతాయి.

బహుమతి అంటే నీలం రంగు రేకు. పొద్దున్నే డ్రోను తెచ్చి మా మెట్ల మీద పడేసి పోయింది. "కరకట్ట ఉత్తమ బృందం. తోడు మార్కు 98" అని ఉంది. మస్తాన్ వలి దాన్ని తుడిచి, అన్నాల గదిలో గోడ మీది అంకె పక్కనే మేకు కొట్టి తగిలించాడు. మస్తాన్ మా ఎలక్ట్రీషియన్. మేకు కొట్టమంటే ముహూర్తం చూసినంత హడావుడి చేస్తాడు.

ఆ గోడ మీది ఆకుపచ్చ అంకే తోడు మార్కు. మేం ఒకరికొకరం ఎంత తోడుగా ఉన్నామో మా చేతి పట్టీలు నాడి చూసి, మాట విని, ఎవరు ఎవరి దగ్గరికి పరిగెత్తారో లెక్కేసి చెబుతాయి. పక్కవాడికి దడ పుడితే మనకీ పుట్టాలి. వాడు పడితే మనం లేవాలి. అప్పుడు అంకె పెరుగుతుంది.

రేకు వెనక ఇంకో మాట కూడా ఉంది. "ప్రత్యేక అభినందన: నాంచారమ్మ గారు, వయసు 59, కరకట్ట మీద అత్యంత ఆరోగ్యకరమైన గుండె."

అది చదివి, మాలో చిన్నదైన భ్రమర నవ్వలేక కుర్చీ మీంచి జారింది. నాంచారమ్మక్క మాత్రం గంభీరంగా మొహం పెట్టి, "చూశావంట్రా ఏసూ, నా గుండె. నీకేమో మెట్లెక్కితే ఆయాసం" అంది.

అసలు సంగతేమిటంటే ఆ గుండె భ్రమరది. భ్రమరకి ఇరవై ఆరు. ఎడమ చేతికి తన పట్టీ, కుడి మోచేతి పైన చొక్కా కింద అక్క పట్టీ. పద్నాలుగు నెలలుగా అంతే.


పోటు 4,290. ఉదయం.

ఆరడుగుల పదకొండు. అంతా సవ్యం.

పట్టీల సంగతి మొదలుపెట్టాను గనక పూర్తి చేస్తాను. ఒడ్డు నుంచి ప్రఫుల్ల అనే శిక్షకురాలు వచ్చి మాకు మూడు రోజులు బృంద భావన నేర్పింది. కళ్లు మూసుకుని వెనక్కి పడాలి, పక్కవాళ్లు పట్టుకోవాలి. నాంచారమ్మక్క నా మీద పడింది. నెలరోజులు నడుం పట్టేసింది. వెళ్లేటప్పుడు ప్రఫుల్ల, "ఒకరి బరువు ఇంకొకరు మొయ్యండి, అంతే" అంది. మంచి పిల్లే, మనసారా చెప్పింది.

ఆ వారమే నాడి తప్పి అక్క పట్టీ రెండుసార్లు ఎర్రగా వెలిగింది. మూడోసారి వెలిగితే మనిషిని కరకట్ట నుంచి దించేస్తారు. మేం అప్పటికే నలుగురం. నలుగురికి ఒక్కరు తగ్గినా లాకులు యంత్రానికి అప్పగించి మిగతావాళ్లని తలో దిక్కుకీ పంపేస్తారు. ఎనిమిదో లాకుల వాళ్లకి అదే జరిగింది. ఇప్పుడక్కడ మనిషన్నవాడు లేడు. కట్టకి పడ్డ గండి కూడా పూడ్చలేదు, నడిచి అటు పోయే దారి లేదు.

పట్టీ మార్చే ఆలోచన మస్తాన్‌ది. "మొయ్యమన్నారుగా, మోద్దాం" అన్నాడు. ఎవరం కాదనలేదు. దానివల్ల మాకు కలిసొచ్చిన సంగతి మేం తర్వాత గమనించాం. భ్రమర గుండె, అక్క గుండె ఒక్క అదురు తేడా లేకుండా కొట్టుకోవడం చూసి యంత్రం మురిసిపోయింది. అంత తోడు అది ఎక్కడా చూసి ఉండదు. అంకె డెబ్భై ఆరు నుంచి ఎగబాకి తొంభై ఎనిమిది దగ్గర కూచుంది.


పోటు 4,291. సాయంత్రం.

ఏడడుగులు. మూడో షట్టరు నాలుగు నిమిషాలు ఆలస్యం.

మూడో షట్టరు బ్రేకు చక్రం అక్కది. చెవి ఆనించి గొలుసు చప్పుడు వింటూ తిప్పుతుంది. ఇవాళ సగం తిప్పి ఆగిపోయింది. నేను వెళ్లేసరికి చక్రానికి ఆనుకుని నిలబడి ఉంది, ఒళ్లంతా చెమట.

"ఏం లేదురా, గ్యాసు. ఎండు రొయ్యలు పడలా."

వాము నీళ్లు కాచి ఇచ్చాం. తేనుపు రాలేదు.


పోటు 4,292. ఉదయం.

ఏడడుగుల ఒకటి. షట్టర్లు దించింది ముగ్గురం.

అక్క లేవలేదు. రొమ్ము మధ్యలో ఎవరో మోకాలేసి తొక్కుతున్నట్టుందంది. నొప్పి ఎడమ భుజం మీదుగా చిటికెనవేలి దాకా పాకుతోందంది. మా నాన్న ఇలాగే పోయాడు.

అన్నాల గదిలో ఒక గొట్టం ఉంటుంది. దాన్లోంచి మాట్లాడేదాన్ని మేం ఒడ్డు అంటాం. అది యంత్రమే. ఎప్పుడూ విసుక్కోదు, అదే దాంతో వచ్చిన బాధ. తిట్టినా తిరిగి తిట్టదు.

"నాంచారమ్మకి గుండెనొప్పి. డాక్టరు పడవ పంపండి" అన్నాను.

"నాంచారమ్మ గారి నాడి నిమిషానికి డెబ్భై రెండు. రక్తపోటు చక్కగా ఉంది. ఆమెకు మా అభినందనలు" అంది ఒడ్డు.

భ్రమర చొక్కా చెయ్యి పైకి లాగి పట్టీ ఊడదీసి పై గదిలో ఉన్న అక్క దగ్గరికి పరిగెత్తింది. అక్క మణికట్టుకి బిగించాం. పచ్చగా రెండుసార్లు మెరిసి ఆరిపోయింది. కింద గొట్టంలోంచి ఒడ్డు గొంతు పైకి వినబడింది.

"ఈ పట్టీ నాంచారమ్మ గారి చేతికి లేదు. దయచేసి ఆమె చేతికే కట్టండి."

"ఇది ఆవిడ చెయ్యే!"

"కాదండీ. నాంచారమ్మ గారి నాడి మాకు పద్నాలుగు నెలలుగా బాగా తెలుసు."

అక్క మంచం మీంచి తన చేతిని తిప్పి తిప్పి చూసుకుంది. "నా చెయ్యి నాది కాదంటదేంట్రా ఇది" అని నవ్వబోయి, నొప్పికి పళ్లు బిగించింది.


పోటు 4,293. సాయంత్రం.

ఎంత లేచిందో చూడలేదు. దించాం.

మొత్తం ఒప్పుకున్నాం. ముగ్గురం గొట్టం ముందు నిలబడి పట్టీ ఎప్పుడు మార్చామో, ఎందుకు మార్చామో, ఎవరికి కట్టామో పూసగుచ్చినట్టు చెప్పాం. శిక్ష ఏదైనా వెయ్యండి, ముందు పడవ పంపండి అన్నాం. భ్రమర ఏడ్చింది. ఒడ్డు చివరిదాకా విన్నది.

"మీ ఆత్మీయతను గౌరవిస్తున్నాం. కానీ మీ తోడు మార్కు తొంభై ఎనిమిది. ఇంత తోడుగా ఉండే బృందంలో ఒకరి కోసం ఒకరు ఏమైనా చెబుతారు. అందుచేత ఎనభై దాటిన బృందంలో ఒకరి గురించి మరొకరి మాట సాక్ష్యంగా తీసుకోం. మస్తాన్ వలి గారి కామెర్ల విషయం గుర్తు చేసుకోగలరు."

పోయినేడు మస్తాన్ కూతురి పురుడప్పుడు సెలవివ్వకపోతే, వాడికి పచ్చకామెర్లని నలుగురం ప్రమాణం చేసి, మా చిన్న పడవలో వాణ్ని ఒడ్డుకి పంపాం. అక్కయితే వాడి కళ్లలో పసుపు స్వయంగా చూశానంది. సంగతి తెలిశాక మా పడవ పట్టుకుపోయారు. అది ఉండి ఉంటే ఇప్పుడు తెడ్లేసుకుని పోయేవాళ్లం.

"మనిషితో మాట్లాడించండి" అని అరిచాడు మస్తాన్.

"మీ దరఖాస్తు నమోదైంది. పన్నెండు పోట్ల తర్వాత ఒక అధికారి మీతో మాట్లాడతారు."

పన్నెండు పోట్లంటే ఆరు రోజులు.

"మార్కు ఎనభైకి తగ్గితే మా మాట నమ్ముతారా?" అని అడిగింది భ్రమర. అడిగితే ఒడ్డు ఏ రూలూ దాచదు.

"తప్పకుండా నమ్ముతాం. వెంటనే పడవ పంపుతాం."


పోటు 4,294. ఉదయం.

ఏడడుగుల రెండు.

పోటు వేళ ముగ్గురం కట్ట మీదే ఉండాలి. అక్క దగ్గర ఎవరూ ఉండరు. వెళ్లే ముందు గిన్నె, గరిటె మంచం పక్కన పెట్టి, నొప్పి ఎక్కువైతే కొట్టమన్నాం. గంటన్నర సేపు షట్టరు గొలుసుల మోతలో గరిటె చప్పుడు కోసం చెవులు రిక్కించి పని చేశాం. వినబడలేదు. కొట్టలేదో, మాకు వినబడలేదో తెలియక తిరిగొచ్చేటప్పుడు ముగ్గురం పరిగెత్తాం. అక్క కళ్లు తెరిచి పైకప్పు చూస్తోంది. గరిటె కిందపడి ఉంది.

ఆ తర్వాత పోట్లాడుకున్నాం. అంటే పోట్లాట ఆడాం. నా గురకకి పంపుహౌసు అదిరిపోతోందన్నాడు మస్తాన్. వాడు ఉసిరికాయ పచ్చడి జాడీలో తడి చెయ్యి పెట్టి బూజు పట్టించాడన్నాను. భ్రమర మా ఇద్దర్నీ ముసలి పీనుగులంది. బల్ల గుద్దాను, మస్తాన్ పళ్లెం విసిరాడు. గట్టిగానే అరుచుకున్నాం, గొంతులు పోయాయి.

గోడ వైపు చూస్తే తొంభై తొమ్మిది.

"సరదా వాగ్వాదాలు బృందానికి బలం" అంది ఒడ్డు.

గొంతులు ఎంత పెరిగినా మా నాడులు నిమ్మళంగానే ఉన్నాయి మరి. పై గదిలోంచి అక్క, "ఆ పచ్చడి బూజు నేను పట్టించిందేరా" అంది మెల్లగా. నవ్వొచ్చింది. నవ్వినందుకు నన్ను నేను తన్నుకోవాలనిపించింది.


పోటు 4,296. మధ్యాహ్నం దాటాక.

ఈ పేజీ ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఉదయానికి అక్క పెదాలు నీలంగా మారాయి. దిండు ఎత్తుగా పెడితే గానీ ఊపిరి ఆడటం లేదు. నేను పక్కన కూచుని విసురుతుంటే నా మొహం చూసి కనిపెట్టేసింది. ఆరేళ్లు ఒకే కట్ట మీద బతికిన మనిషి, నా బుర్రలో ఏం తిరుగుతోందో నాకంటే ముందు తెలుస్తుంది.

"ఏసూ. వాడికి చెప్పమాక."

"ఏది?"

"నాతోనా నాటకాలు? సుబ్బారాయుడి సంగతి. చెప్పమాకరా. నేను పోతే పోతా, నాకు యాభైతొమ్మిది. వాడు బతకాలిగా దాంతో."

ఇక్కడ ఈ పుస్తకంలోనే ఒక పేజీ గురించి రాయాలి. పోటు 2,960. ఆ రోజు నేను రాసింది: "రెండో షట్టరు గొలుసు తెగింది. సుబ్బారాయుడు మరణించాడు." సుబ్బారాయుడు మా ఐదోవాడు. మస్తాన్‌కి ప్రాణ స్నేహితుడు. ఇప్పటికీ వాడి వానకోటు కొక్కెం మీద మస్తాన్ ఇంకేదీ తగిలించనివ్వడు.

గొలుసు తెగలేదు. సుబ్బారాయుడు రెండో షట్టరు కింద గాడిలో చేరిన నాచు తీస్తున్నాడు. పైన మస్తాన్ ఒకటో షట్టరు బ్రేకు వదలబోయి రెండోది వదిలాడు. తుఫాను వాన, ఏ మీట ఏదో కళ్లకి ఆనని వాన. వాడికి తెలియనే తెలియదు. అక్క చూసింది, భ్రమర చూసింది, నేను చూశాను. మస్తాన్ కిందికి పరిగెత్తుకొచ్చి "ఏమైంది, ఏమైంది" అంటుంటే అక్కే ముందుగా, "గొలుసు తెగిందిరా" అంది. ఆ మాట నిజం కావాలని నేను వెళ్లి రంపంతో గొలుసు కోశాను. విచారణ వాళ్లు వచ్చి చూసి రాసుకుపోయారు. కోసిన లంకె ఒకటి నా పనిముట్ల పెట్టెలో అడుగున ఉంది. ఎందుకు దాచానో నాకే తెలియదు.

మాలో మాకున్న తోడంతా ఆ రోజు పుట్టిందే. మిగతాదంతా దాని మీద కట్టిన కట్టడం.

"నీ పెదాలు నల్లబడుతున్నయ్యక్కా" అన్నాను.

"నల్లబడనియ్."

నేను లేచాను. ఆవిడ నా చొక్కా పట్టుకుంది. వేళ్లలో బలం లేదు. ఒక్కొక్క వేలే విడదీసి కిందికి వచ్చేశాను.

మస్తాన్ పొయ్యి దగ్గర గంజి కాస్తున్నాడు. భ్రమర బల్ల దగ్గర ఉంది. నేను నిలబడే చెప్పాను. నాలుగు మాటల్లో అయిపోయింది. రెండేళ్లు దాచిన విషయానికి నాలుగు మాటలు చాలాయి.

మస్తాన్ నవ్వాడు. "ఇది బాగుందన్నా. పచ్చడి కంటే ఇది నయం. ఇది నమ్ముద్దేమో."

నేను పెట్టె తెరిచి లంకె తీసి బల్ల మీద పెట్టాను. వాడు చేతులు తుడుచుకుని తీసుకున్నాడు. తెగిన ఇనుము ఎలా ఉంటుందో, కోసిన ఇనుము ఎలా ఉంటుందో వాడికి నేను చెప్పక్కర్లేదు. బొటనవేలితో ఆ నున్నటి కోత మీద రుద్దాడు. ఒకసారి, మళ్లీ ఒకసారి.

"నువ్వు చూశావా?" అన్నాడు భ్రమరతో.

భ్రమర తలూపింది.

మస్తాన్ ఉన్నచోటే నేల మీద కూలబడిపోయాడు. వాడి నోట్లోంచి వచ్చిన చప్పుడు నేను మనిషి నోట ఎన్నడూ వినలేదు. గంజి పొంగి పొయ్యి ఆరిపోయింది.

అప్పుడు మేం చెయ్యాల్సిన పని ఒక్కటే, వాడి దగ్గరికి వెళ్లకుండా ఉండటం. వాడు పడితే మనం లేస్తే అంకె పెరుగుతుంది. అందుకని లేవకూడదు. నేను గోడకి వీపు ఆనించి అంకె చూస్తూ నిలబడ్డాను. తొంభై ఆరు. తొంభై. ఎనభై ఏడు. వాడు తల నేలకేసి కొట్టుకుంటున్నాడు. ఎనభై మూడు. ఎనభై ఒకటి దగ్గర ఆగిపోయింది. భ్రమర పాదం ముందుకి జరిగింది. నేను ఏమీ అనలేదు, అంటే అది కూడా తోడే అవుతుందేమోనని భయం. ఆ పిల్ల రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుంది. వేళ్లు తెల్లబడ్డాయి. కళ్లు మూసుకుంది.

డెబ్భై తొమ్మిది.

"మీ సాక్ష్యం ఇప్పుడు స్వీకరించగలం. ఎవరు మాట్లాడతారు?" అంది ఒడ్డు, ఎప్పటి గొంతుతోనే.

నా చూపు అంకె మీదే ఉంది. భ్రమర కళ్లు తెరవలేదు. నేల మీంచి మస్తాన్ మాట్లాడాడు.

"నాంచారమ్మ. గుండెనొప్పి. మూడు రోజుల్నుంచి. నేను చూశాను. పడవ పంపండి."

"ధన్యవాదాలు. పడవ బయలుదేరింది."


పోటు 4,297. సాయంత్రం.

ఏడడుగులు. షట్టర్లు ముగ్గురం దించాం, ఒకరితో ఒకరం మాట్లాడకుండా.

పడవ పోటుకి ముందే వచ్చింది. ఇద్దరు మనుషులు, ఒక స్ట్రెచరు. మెట్లు ముప్పై ఒకటి, పాకుడు పట్టి ఉంటాయి, అలవాటు లేనివాళ్లు జారతారు. తల వైపు మస్తాన్ పట్టుకున్నాడు. ఎవరూ అడగలేదు, వాడే వచ్చి పట్టుకున్నాడు. కాళ్ల వైపు నేను. ముప్పై ఒక్క మెట్లూ వాడు నా మొహం చూడలేదు.

పడవలో పడుకోబెట్టాక అక్క వాడి చెయ్యి పట్టుకుంది. మాట చాలా సన్నంగా వచ్చింది గానీ అందరికీ వినబడింది.

"గొలుసేరా తెగింది మస్తానూ. గొలుసే. ఆడి మాట నమ్మమాక."

మస్తాన్ దుప్పటి అంచు ఆవిడ భుజం కిందికి దోపి మెట్లెక్కి వెళ్లిపోయాడు. అక్క నా వైపు చూడలేదు. నేను తాడు విప్పాను.

గోడ మీద అరవై రెండు.


పోటు 4,298. ఉదయం.

ఆరడుగుల తొమ్మిది. పంపులు ఆడాయి.

"నాంచారమ్మ ఎలా ఉంది?" అని అడిగాను.

"బృంద సభ్యుల ఆరోగ్యం వ్యక్తిగత విషయం. సన్నిహితులకు మాత్రమే చెబుతాం. తోడు మార్కు ఎనభై దాటిన బృందాన్ని సన్నిహితులుగా పరిగణిస్తాం. మీది అరవై రెండు."

"బతికుందా లేదా, అదొక్కటి చెప్పు."

"మీ ఆందోళన అర్థమైంది. ఎనభై దాటాక అడగండి."

గొట్టం పీకి పారేద్దామనిపించింది. పీకితే ఎనభై దాటిన రోజున చెప్పేదెవరు? పీకలేదు. పట్టీల నేరం గురించి కూడా చెప్పింది. శిక్ష లేదట. ఈ తుఫాన్ల కాలం ముగిసేదాకా ముగ్గురూ కొనసాగాలట. ఇంకా నలభై పోట్లు. ఆ తర్వాత లాకులు యంత్రానికి, మేం తలో దిక్కుకి. అప్పుడు బృందమూ ఉండదు, మార్కూ ఉండదు, అడిగే హక్కూ ఉండదు.


పోటు 4,305. సాయంత్రం.

ఏడడుగుల నాలుగు.

మస్తాన్ పక్క పంపుహౌసులోకి మార్చుకున్నాడు. పని మాత్రం ఎప్పటిలాగే చేస్తున్నాడు, ఇంకా జాగ్రత్తగా. ప్రతి మీటనీ ముట్టుకునే ముందు దాని నంబరు పైకి చదువుతున్నాడు. "ఒకటి. ఒకటో షట్టరు. ఒకటి." గాలిలో ఆ గొంతు మాకు వినబడుతూ ఉంటుంది. వినలేకపోతున్నాను.

పన్నెండు పోట్లు గడిచాయి గనక అధికారి మాట్లాడాడు. నిజంగానే మనిషి. దగ్గాడు కూడా. మా దరఖాస్తు చూశానని, పడవ వెళ్లిపోయింది గనక సమస్య పరిష్కారమైందని నమోదు చేస్తున్నానని చెప్పాడు. ఆవిడ ఎలా ఉందని అడిగాను. తన తెర మీద అంకెలే కనబడతాయి గానీ పేర్లు కనబడవన్నాడు. పాపం, అబద్ధం చెబుతున్నట్టు లేదు.


పోటు 4,316. ఉదయం.

ఆరడుగుల పది.

ఇవాళ ఈ పుస్తకం పాత పేజీలు తిప్పుతుంటే 2,960 దగ్గర ఆగాను. నేను రాసిన వాక్యం మీద అడ్డంగా ఒక గీత ఉంది. కింద వేరే చేతిరాత, పెన్సిలుతో.

"రెండో షట్టరు బ్రేకు నేను వదిలాను. మస్తాన్ వలి, ఎలక్ట్రీషియన్."

ఎవరూ చదవని పుస్తకం అనుకున్నాను. చాలాసేపు ఆ పేజీ మూయలేకపోయాను. భ్రమర వచ్చి నా భుజం మీంచి చదివింది. పెన్సిలు తీసుకుని ఆ వాక్యం కింద "చూశాను" అని రాసి సంతకం పెట్టింది. నేనూ పెట్టాను. అక్క సంతకం కోసం ఒక వరస ఖాళీ వదిలాం.

అంకె ఏమీ కదల్లేదు. పుస్తకం సంగతి దానికి తెలియదు కదా.


పోటు 4,323. సాయంత్రం.

ఏడడుగులు.

ఇన్నాళ్లూ మూడో షట్టరు బ్రేకు చక్రం దగ్గర నేను నిలబడుతున్నాను. అక్కలాగా చెవి ఆనిస్తాను గానీ నాకు చప్పుడు తప్ప ఏమీ వినబడదు. ఇవాళ పోటు దిగాక మెట్లు కడుగుతూ భ్రమర పాకుడు మీద జారింది. మస్తాన్ చేతిలోది పారేసి, నాలుగు మెట్లు ఒక్క అంగలో దూకి దాని రెక్క పట్టుకున్నాడు. పడలేదు. "చూసుకో అమ్మాయ్" అన్నాడు. పదమూడు రోజుల్లో వాడు మాలో ఒకరితో అన్న మొదటి మాట.

లోపలికొచ్చి చూస్తే అరవై ఆరు.

భ్రమర ఆ అంకె కేసి చూసిన చూపు నేను చూశాను. ఆశ. తర్వాత అది మస్తాన్ కేసి తిరిగింది, ఇంకోసారి జారితే బాగుండునా అన్నట్టు. ఆ పిల్ల తనే సిగ్గుపడి తల దించుకుంది. నేనూ అదే అనుకున్నాను. ఇకమీదట ఎవరికి ఎవరు మంచినీళ్లు ఇచ్చినా అది మనిషి కోసం ఇచ్చారో అంకె కోసం ఇచ్చారో మాకే తెలియదు. ఆరేళ్లు చూడకుండానే చేసిన పని ఇప్పుడు చూసుకుంటూ కూడా చేతకావడం లేదు.


పోటు 4,324. ఉదయం.

ఆరడుగుల పదకొండు. మూడు షట్టర్లూ వేళకి దించాం. పంపులు రెండూ ఆడాయి. గాలి లేదు. విశేషాలు లేవు.

పోటు దిగాక బల్ల దగ్గర కూచుని ఇది రాస్తుంటే మస్తాన్ వచ్చాడు. టీ కాచాడు. అలవాటు కొద్దీ నాలుగు గ్లాసులు తీసి, ఒకటి మళ్లీ కడిగి బోర్లించాడు. ఒక గ్లాసు తెచ్చి నా పుస్తకం పక్కన పెట్టాడు. "చల్లారుద్ది" అన్నాడు. "అన్నా" అని మాత్రం పిలవలేదు.

నేను గ్లాసు అందుకున్నాను. వేళ్లు కాలాయి. ముగ్గురం ఒక్కసారే తలెత్తి గోడ వైపు చూశాం.

అరవై ఆరే. ఎంతసేపు చూసినా అరవై ఆరే.